మూడు పట్టెలు, ఒక చక్రము



ప్రతిదినము ప్రాతఃకాలమున మన యిండ్ల ముంగిట స్త్రీలు ముగ్గు వేయుదురు. అందుండునవి చుక్కలు, గీతలు, వలయములు మాత్రమే. అయినను వానిని చూచినంతనే ఆ యింట శుభము కలదని దారిని పోవువారు గ్రహింతురు. అక్షరము రానివారు సైతము చదువగల భాష యది. ఒక దేశమంతయు అట్టి భాషలో తన హృదయమును తెలుపుకొనవలసి వచ్చిన నెట్లు? మన జాతీయపతాక చరిత్రమే యిందులకు సమాధానము.

ఆ చరిత్రమున మన బెజవాడకు స్థానము కలదు. 1921వ సంవత్సరమున అఖిలభారత కాంగ్రెసు సంఘ మచ్చట సమావేశమైనపుడు, కృష్ణామండలమున భట్లపెనుమఱ్ఱులో జన్మించిన పింగళి వెంకయ్యగారు ఎఱుపు, ఆకుపచ్చ వర్ణములు గల పతాకమును గాంధీమహాత్మునకు సమర్పించిరి. తక్కిన మతములవా రందఱికిని గుర్తుగా తెలుపును, స్వావలంబనమునకు గుర్తుగా రాట్నమును దానికి చేరినవి.

కాని చిక్కును అందుండియే పుట్టినది. ఎఱుపు హిందువులది, ఆకుపచ్చ మహమ్మదీయులది యని జనులు రంగులను పంచుకొనసాగిరి. మా రంగేదని సిక్కు లడిగిరి. భూమిని పంచుకొనినట్లు వర్ణములను పంచుకొనిన పతాకము నిలుచునా? కావుననే 1931లో కాంగ్రెసు ఎఱుపునకు మాఱుగా కాషాయమును గ్రహించి, ఈ రంగులకు మతములతో సంబంధము లేదని తీర్మానించినది. కాషాయము ధైర్యత్యాగములకును, తెలుపు సత్యశాంతులకును, ఆకుపచ్చ విశ్వాసశౌర్యములకును చిహ్నము లైనవి.

1947 జూలై 22వ తేదీని రాజ్యాంగసభ నేటి పతాకమును అంగీకరించినది. వెడల్పు రెండుపాళ్లు, పొడవు మూడుపాళ్లు. సమానములైన మూడు పట్టెలు. నడుమ ఇరువదినాలుగు ఆకులు గల నీలిచక్రము. సారనాథమున అశోకుని సింహస్తంభ శిఖరముపై నున్న చక్రమే దీనికి మాతృక. రాట్నమునకు బదులు చక్ర మేల వచ్చినది? నెహ్రూగారు ఆనాడు సభలో చెప్పిన కారణములలో నొకటి మిక్కిలి సరళము. రాట్నమునకు ఒకవైపు చక్రము, వేఱొకవైపు కదురు ఉండును. పతాకమును వెనుకనుండి చూచినవానికి అవి తాఱుమాఱుగా కనబడును. చక్ర మన్ననో, ఎటు చూచినను ఒక్కటియే. ఆనాటి సభలోనే రాధాకృష్ణ పండితుడు ఆకుపచ్చ వర్ణము మనకు నేలతోను, సర్వప్రాణులకు ఆధారమైన పైరుపచ్చలతోను గల సంబంధమును తెలుపునని వివరించిరి. సేద్యము చేయువారికి ఇంతకంటె దగ్గఱి యర్థ మేమి కలదు?

పెద్దలారా! ఆగస్టు 15వ తేదీని బడిలో పతాక మెగురునపుడు, "తాతా, ఏ రంగు ఎవరిది?" యని మనుమడు మి మ్మడుగవచ్చును. మీరు చెప్పు మాట వాని మనస్సున చిరకాలము నిలుచును. ఒక్కొక్క రంగును ఒక్కొక్కరికి పంచియిచ్చితిరా, 1931కు ముందటి కలహమునే వానికి వారసత్వముగా ఇచ్చినవారగుదురు. మూడు పట్టెలును అందఱివే యని చెప్పుడు. ముంగిటి ముగ్గులో ఒక్క గీతను తుడిచివేసినను ముగ్గంతయు చెడునని చూపుడు. నడుమనున్న చక్రము ఇటువారికిని అటువారికిని ఒక్కతీరుననే కనబడుచున్నదని వానిచేత ఎంచి చూపింపుడు. వాడు తప్పక గ్రహించును.