వెలుగు ఎటు నుంచి వస్తోంది?

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది రోజూ ముఖాల ఫొటోలు తీసి బతుకుతున్నవాళ్లే. అందుకని కెమెరాల జోలికి, లెన్సుల జోలికి పోను. లైటు ఎన్ని వాట్లని అడుగుతాం, ఎంతకు కొన్నావని అడుగుతాం. ఎటు నుంచి వస్తోందని మాత్రం అడగం. ఈ సాయంత్రం నేను మాట్లాడేది దాని గురించే.

ముందు ఎండ సంగతి. గుంటూరు 16.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు 8 ప్రాంతాల్లో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు ఫొటో తీస్తే కనుబొమల కింద రెండు నల్లటి గుంటలు, పై పెదవి మీద ముక్కు నీడ. నవ్వుతున్న మనిషి కూడా ఏదో దిగులులో ఉన్నట్టు కనిపిస్తాడు. అదే మనిషిని డిసెంబరు మూడో వారంలో అదే వేళకు దక్షిణం వైపు తిప్పి నిలబెట్టండి. సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ముక్కు కింద చిన్న నీడ, తేలిన చెంపలు, కళ్లలో వెలుగు! హాలీవుడ్‌లో 1930లలో నటి మార్లీన్ డీట్రిచ్ ముఖానికి దీపం ఎదురుగా, ఎత్తున పెట్టి రాబట్టింది ఇదే. దానికి పారామౌంట్ లైటింగ్ అని, బటర్‌ఫ్లై లైటింగ్ అని పేర్లు పెట్టుకున్నారు. మనకు మార్గశిరం ఎండ ఊరికే ఇస్తోంది. ఎండకు ఎదురుగా నిలబడితే కళ్లు చికిలిస్తారు కదా అంటారు. పల్చటి తెల్ల పంచె ఒకటి అడ్డం పట్టించండి, సరిపోతుంది.

దీపాన్ని కాస్త పక్కకు జరిపితే అవతలి చెంప మీద చిన్న వెలుగు ముక్కోణం మిగులుతుంది. అది రెంబ్రాంట్ లైటింగ్, పెద్దమనుషుల ముఖాలకు బాగా నప్పుతుంది. పూర్తిగా పక్కకు తెస్తే సగం ముఖం చీకట్లోకి పోయి, మనిషి ఏదో దాస్తున్నట్టు ఉంటాడు. కింద నుంచి వేస్తే రాక్షసుడే. పుట్టిన దగ్గర్నుంచి వెలుగు పైనుంచి పడటమే చూసిన కన్ను మనది, తిరగబడితే బెదురుతుంది.

అయితే కింది వెలుగంతా భయపెట్టేది కాదు. మార్చిలో మిరప కల్లానికి వెళ్లి, కాయలు తిరగేసే ఆడవాళ్ల గడ్డాల కింద చూడండి. నేలంతా పరుచుకున్న ఎరుపు పైకి తన్ని దవడల దాకా పాకి ఉంటుంది. దాన్ని మచ్చగా భావించి కంప్యూటర్లో తీసేస్తున్నాం. తీయకండి, ఆమె ఎక్కడ నిలబడి ఉందో చెప్పేది ఆ ఎరుపే. పత్తి చేలో ఒడి నింపుకున్న మనిషికైతే రిఫ్లెక్టరే అక్కర్లేదు, ఒడిలో ఉన్న పత్తే ముఖంలోని నీడల్ని తేలిక చేస్తుంది.

మన జిల్లాల్లో ఈ పాఠం రాతి మీదా ఉంది. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన అమరావతి శిల్పాలను 1858లో లినియస్ ట్రైప్ ఫొటోలు తీశాడు. పలక మీద కొద్దిపాటి లోతులో చెక్కిన బొమ్మలవి. ఎదురుగా ఫ్లాష్ కొడితే చదును రాయే మిగులుతుంది. వెలుగు పక్క నుంచి రాసుకుంటూ పోతే బొమ్మలు లేచి నిలబడతాయి.

ఇక సావిత్రి. తాడేపల్లి దగ్గర చిర్రావూరు అమ్మాయి. ఆమె శశిరేఖగా నటించిన 1957 నాటి 'మాయాబజార్'కు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. నలుపు తెలుపు సినిమా, రంగు సాయం లేదు, కాబట్టి ముఖానికి లోతు రావాలంటే వెలుగునీడలే దిక్కు. 'లాహిరి లాహిరి' పాటలోని వెన్నెల బార్ట్లే తయారుచేసుకున్నది. ఇంటికెళ్లి సౌండ్ ఆపి ఆ పాట చూడండి. శశిరేఖ తల తిప్పినప్పుడల్లా చెంప మీద వెలుగు ఎక్కడికి జరిగిందో గమనించండి. నటన ఆమెదే, ఆ నటన మనదాకా చేరే దారి వేసింది మాత్రం ఆయన.

ఇప్పుడు మన పెళ్లి ఫొటోల దగ్గరకు రండి. అటొక గొడుగు లైటు, ఇటొక గొడుగు లైటు, రెండూ ఒకే పవర్. ఎందుకంటే మనిషి తెల్లగా రావాలి! మనవాళ్లలో చాలామందిది చామనఛాయ, అంతకంటే నలుపూ ఉంది. నల్లటి ఒంటి మీద ముఖానికి రూపం ఇచ్చేది నీడకంటే ఎక్కువగా మెరుపు. పెద్ద కిటికీ పక్కన కూర్చోబెడితే నుదుటి మీద, చెంప ఎముక మీద ఒక మెరుపు గీత పడుతుంది, అందమంతా దానిలో ఉంది. ఎదురు నుంచి లైటు కుమ్మరిస్తే ఛాయ మారేదేమీ లేదు, ముక్కూ చెంపా ఏకమైపోతాయి, అంతే. కస్టమర్ అడుగుతున్నాడని అంటారు. రెండో రకం ఎప్పుడూ చూపించకపోతే అతను ఏం అడుగుతాడు?

పాస్‌పోర్టు ఫొటోలో నీడ ఉండకూడదు, ముఖమంతా సమంగా వెలగాలి. అది నిబంధన, దాన్ని అలాగే తీయండి. పెళ్లికూతురికి, షష్టిపూర్తి చేసుకుంటున్న పెద్దాయనకు మాత్రం పాస్‌పోర్టు లైటు పెట్టకండి. ఒక గొడుగు ఆర్పేసి, రెండోదాన్ని పక్కకు జరిపి ఇంకొకటి తీయండి. రెండు ఫొటోలూ వాళ్ల ముందు పెట్టి, ఏది కావాలో వాళ్లనే అడగండి.