తల్లి ముఖము చూచి

మా స్త్రీల కార్యక్రమమునకు వచ్చు జాబులలో పిల్లల పెంకితనమును గూర్చినవే ఎక్కువ. కొంతకాలము క్రిందట ఒక సోదరి తమ మూడేండ్ల కుమారుని గూర్చి వ్రాసిరి. అన్నము పెట్టిన కంచము విసరివేయుచున్నాడట, చెల్లెలిని కొరుకుచున్నాడట, ఏమన్నను నేలబడి దొర్లుచున్నాడట. వేళకు తిండి, వేళకు నిద్ర, కొట్టక తిట్టక ఓర్పుతో చెప్పుట, ఇట్టి మాటలు నాలుగు చెప్పి ఊరకుంటిమి. ఆ జాబునే మరల చదివినప్పుడు చివరనున్న రెండు పంక్తులు మా కంటబడినవి. భర్త పనిచేయు మిల్లు మూతబడి ఆరు నెలలైనదట. రాత్రులు తమకు నిద్ర రాదట. మేము ముందుగా విచారింపవలసినది ఆ తల్లిని గూర్చి.

ఇంటిలో డబ్బుకు కటకటయైనచో మూడేండ్ల వానికేమి తెలియునని మనమనుకొందుము. అప్పు అను మాట వానికి తెలియదు. అమ్మ ముఖము తెలియును. అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1970 దశకమున చేసిన ప్రయోగమొకటి ప్రసిద్ధము. తల్లి కొన్ని నెలల బిడ్డతో ఆడుచు ఆడుచు, ఉన్నట్లుండి రెండు మూడు నిమిషములు ఏ భావమును లేని ముఖముతో చూచుచుండును. బిడ్డ మొదట నవ్వును, చేతులు చాచును, కేక వేయును. తల్లి పలుకకున్నచో మొగము త్రిప్పుకొనును, ఏడ్చును. రెండు నిమిషములకే ఇట్లయినచో, అద్దె బాకీయు కిరాణా కొట్టు పద్దును తలపోయుచు నెలల తరబడి అట్లే కూర్చుండు తల్లి యొడిలోని బిడ్డ మాట ఏమి? కొందరు కంచము విసరియైనను ఆమె చూపును తమ వైపునకు త్రిప్పుకొందురు. కొందరు ఆ ప్రయత్నమును మానుదురు. ఈ రెండవ వారిని మనము బుద్ధిమంతులందుము. మాకు మాత్రము ఎక్కువ దిగులు వారిని గూర్చియే.

ఇంతమాత్రమున తప్పంతయు తల్లి నెత్తిన రుద్దరాదు. 1980 దశకమున అమెరికాలోని అయోవా రైతులు అప్పులపాలైనప్పుడు అచ్చటి కుటుంబములను రాండ్ కాంగర్ మున్నగువారు పరిశీలించిరి. డబ్బు ఇబ్బంది తల్లిదండ్రులిరువురి మనస్సులను క్రుంగదీసి, ఆలుమగల నడుమ తగవై, తుదకు పిల్లలపై కసురుగా మారుటను గమనించిరి. అవి బడియీడు పిల్లలున్న ఇండ్లు. వరుస మాత్రము మనము ఎరిగినదే.

పాకిస్తానులోని రావల్పిండి గ్రామములలో అతీఫ్ రహమాన్ మున్నగు వైద్యులు చేసిన పని 2008లో వెల్లడియైనది. దిగులుతో క్రుంగిన గర్భిణులు తొమ్మిది వందలకు పైగా అందు పాల్గొనిరి. ఇండ్లకు వచ్చు ఆరోగ్య కార్యకర్తలలో కొందరికి తల్లితో మాటలాడు పద్ధతి నేర్పిరి. తక్కిన కార్యకర్తలును అన్నిసార్లే వెళ్లిరి గాని ఆ శిక్షణ పొందలేదు. బిడ్డకు ఆరు నెలలు వచ్చునప్పటికి మొదటి వర్గపు తల్లులలో నూటికి 23 మంది, రెండవ దానిలో 53 మంది ఇంకను దిగులుతోనే యుండిరి. బిడ్డల తూకములో భేదము కనబడలేదు. విరేచనములు తగ్గినవి, టీకాలు ఎక్కువ మందికి పూర్తియైనవి, తల్లియు తండ్రియు బిడ్డతో ఆడుట హెచ్చినది. ఇందు డబ్బు పంచినదేమియు లేదు. మన ఆశా కార్యకర్తయు బిడ్డ టీకాలను గూర్చి అడుగును. తల్లికి నిద్రపట్టుచున్నదా యని ఎందరు అడుగుదురు?

ఆ సోదరికి మేము మరల వ్రాసితిమి. పిల్లవాని ఊసెత్తలేదు. వానిని ఉదయమున అంగన్‌వాడీకి పంపి చంటిదానిని గంటసేపు ఎత్తుకొనుటకు ఇరుగుపొరుగున ఎవరున్నారు, నిద్రలేమి సంగతి ఆరోగ్య కేంద్రములో చెప్పితిరా, మిల్లు సంగతి భర్త మీతో కూర్చుండి చెప్పునా, తనలోనే మ్రింగుకొనునా అని అడిగితిమి. జవాబు ఇంకను రాలేదు.