కాతిబ్ కలం నేర్పిన పాఠం

(ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అంబర్‌పేట్, తార్నాక ప్రాంతాల యువజనులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రోబోలు వస్తే మన పిల్లల ఉపాధి ఏమవుతుందని అందరూ అడుగుతున్నారు. ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. ఉర్దూ పత్రికా కార్యాలయాల్లో పనిచేసిన కాతిబులు దీన్ని మనకంటే ముందే ఎదుర్కొన్నారు.

నస్తలీఖ్ లిపి అచ్చు అక్షరాలకు లొంగేది కాదు. అందువల్ల ఉర్దూ పత్రికల్లో ప్రతి పంక్తినీ కాతిబులు చేత్తో రాసేవారు. 1981లో లాహోర్‌లో ‘జంగ్’ దినపత్రిక నూరీ నస్తలీఖ్ అనే కంప్యూటర్ లిపితో వెలువడింది. 1994లో ఢిల్లీలో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ తయారైంది. ఆ తరువాత కాతిబుల బల్లలు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి.

గమనించండి. ఆ యంత్రం వచ్చినందువల్ల పత్రికలు మూతపడలేదు. పని మిగిలింది, పని చేసే చేయి మారింది. కీబోర్డు నేర్చుకోగలిగినవారు కంపోజింగులో నిలిచారు. ఆ వీలు లేనివారు పెళ్లిపత్రికలకు, దుకాణాల బోర్డులకు మళ్లారు. కొంతకాలానికి ఆ బోర్డులనూ ఫ్లెక్సీ యంత్రం లాగేసుకుంది.

నేడు ఆ వంతు ఎవరిది? సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవరు లేని వాహనాలను పరీక్షించే కేంద్రం 2022 జులైలో ప్రారంభమైంది. అవి రేపే మన వీధుల్లోకి రాకపోవచ్చు. కానీ బ్యాటరీ వాహనాలు ఇప్పటికే వచ్చేశాయి. వాటికి కార్బ్యురేటర్ లేదు, స్పార్క్ ప్లగ్ లేదు, ఇంజన్ ఆయిల్ మార్చే పని లేదు. షెడ్డులో ఇరవై ఏళ్లు గడిపిన ఉస్తాద్ చేతిలోని నైపుణ్యంలో సగం వాటి ముందు పనికిరాదు. ఇంట్లో కూర్చుని జర్దోసీ, మగ్గం పని చేసే మన అక్కచెల్లెళ్లకు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రం పోటీగా నిలిచింది.

ఈ దెబ్బ మనకు మరింత గట్టిగా ఎందుకు తగులుతుంది? 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం ముస్లిం శ్రామికుల్లో సుమారు 61 శాతం మంది స్వయం ఉపాధిపై ఆధారపడినవారే. హిందువుల్లో అది సుమారు 55 శాతం. నెలజీతం కార్మికుణ్ణి తొలగించాలంటే యజమాని ఎంతోకొంత లెక్క చెప్పాలి. నోటీసు, పరిహారం, యూనియన్ అనే మాటలకు అక్కడ చోటుంది. సొంత పని చేసుకునేవానికి నోటీసు ఇచ్చేవారెవరు? గిరాకీ రావడం ఆగిపోతుంది, అంతే. అతని నిరుద్యోగం ఏ రిజిస్టరులోనూ నమోదు కాదు. కనుక ఇది కేవలం సాంకేతిక విషయం కాదు, హక్కుల విషయం.

2024 జూన్ 18న మల్లేపల్లి ఐటీఐలో రాష్ట్ర ప్రభుత్వం 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి శంకుస్థాపన చేసింది. టాటా టెక్నాలజీస్ ఇందులో భాగస్వామి. మంచిదే. అయితే ఐటీఐలోని ఎక్కువ కోర్సులకు పదో తరగతి అర్హత కావాలి. ఏడో తరగతిలో బడి మాని పానా పట్టిన కుర్రవాడు ఆ గేటు దాటలేడు. కాబట్టి మన కోరికలు స్పష్టంగా ఉండాలి. పని చేసుకుంటూనే నేర్చుకునేందుకు సాయంత్రపు తరగతులు కావాలి. అవి తెలుగులో, ఉర్దూలో సాగాలి. అనుభవంతో నేర్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్ర నైపుణ్య పథకంలో ఉంది. దాన్ని షెడ్డుల దాకా తీసుకురావాలి. మైనారిటీ ఆర్థిక సంస్థ రుణాలు కొత్త పరికరాలు కొనేందుకూ అందాలి.

సొంత భాషలో శాస్త్రం నేర్పడం అసాధ్యమని ఎవరైనా అంటే ఈ విశ్వవిద్యాలయాన్నే చూపించండి. 1918లో ఇది ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. అంతకు ముందు ఏడాదే ఏర్పడిన దారుల్ తర్జుమా విజ్ఞానశాస్త్ర గ్రంథాలను అనువదించి, పారిభాషిక పదాలను సృష్టించింది. వందేళ్ల క్రితం సాధ్యమైనది ఇప్పుడు అసాధ్యం కాదు.

ప్రభుత్వాన్ని అడుగుతూనే మన ఇంటిని మనం సరిదిద్దుకోవాలి. తల్లిదండ్రులారా! పద్నాలుగేళ్ల బిడ్డ తెచ్చే రోజుకూలి ఈరోజు పొయ్యి వెలిగిస్తుంది. కానీ ఆగిపోయిన చదువు ముప్పై ఏళ్లు వెంటాడుతుంది. కనీసం పదో తరగతి పూర్తి కానివ్వండి. ఆడపిల్లలకూ యంత్రవిద్య నేర్పించండి. ఎంబ్రాయిడరీ యంత్రం మన ఇంటి పనిని తీసుకుపోయేటప్పుడు దాన్ని నడిపే చేయి మన బిడ్డదే ఎందుకు కాకూడదు? మసీదు కమిటీల పెద్దలారా! ఐటీఐ ప్రవేశాల గడువు తేదీని జుమా నమాజు తరువాత ఒక్కమాటగా ప్రకటించండి. చదువుకున్న యువకులారా! మీ గల్లీలోని షెడ్డుల్లో, కార్ఖానాల్లో ఎవరు ఏ పని చేస్తున్నారో, ఎంతవరకు చదివారో ఒక పుస్తకంలో రాయండి. అధికారి ఎదుట ఆ జాబితా పెట్టి అడిగిన రోజున, లెక్కలోకే రాని మన శ్రామికుడు మొదటిసారి లెక్కలోకి వస్తాడు.

కాతిబుల కోసం ఆనాడు ఎవరూ జాబితా రాయలేదు. ఈసారి మనం రాద్దాం.