చార్టులో ఖాళీ గంటలు



పట్టా అందుకున్న మీలో చాలామంది చేతికి స్మార్ట్‌వాచ్ కనిపిస్తోంది. అడుగులు, నిద్ర, గుండె లయ చూసుకోమని నాన్నకూ ఒకటి కొనిచ్చే ఉంటారు. సింగరేణి బొగ్గు గనుల సంస్థ ప్రధాన కార్యాలయమున్న ఈ కొత్తగూడెంలో ఆ నాన్న బొగ్గు బాయికి పోతుంటే మాత్రం దాన్ని పైనే వదిలి దిగాలి. మీథేన్ వాయువు చేరే చోట పేలుడుకు ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే అనుమతి లేని ఎలక్ట్రానిక్ వస్తువేదీ లోపలికి పోదు. నిజానికి ఒంటికి తగిలించుకునే పరికరాల్లో గని కార్మికుడు మనకన్నా ఎప్పుడో ముందున్నాడు: టోపీకి ల్యాంపు, నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్. లోపల మంట లేస్తే, పీల్చే గాలిలోని కార్బన్ మోనాక్సైడ్‌ను ఫిల్టర్ రకం డబ్బాలోని రసాయనం కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి ప్రాణం నిలుపుతుంది.

ఇక ఆ వాచ్‌తో పనిచేసే ఆరోగ్య యాప్ సంగతి. షిఫ్టు ఎనిమిది గంటలూ దాని చార్టులో ఖాళీ. ఒళ్లు హూనమయ్యేలా పనిచేసిన ఆ గంటల్లో ఒక్క అడుగూ లెక్కకు రాదు. రాత్రి షిఫ్టు చేసొచ్చి మిట్టమధ్యాహ్నం కునుకు తీస్తుంటే, లేచి నడవమని మోగుతుంది. 'పొద్దున టిఫిన్‌కు ముందు మాత్ర' అంటుంది. మూడు షిఫ్టులు తిరిగే మనిషికి పొద్దున ఏది?

ఇలా లెక్క తప్పడం వాచ్‌కే పరిమితం కాదు. టీబీ మందులు వేసుకుంటున్నారో లేదో చూసేందుకు మన దేశంలో 99డాట్స్ అనే పద్ధతి వచ్చింది. మాత్ర బయటికి తీస్తే అట్ట వెనక దాగిన ఫోన్ నంబరు కనబడుతుంది. దానికి ఉచితంగా కాల్ చేస్తే మందు వేసుకున్నట్టు లెక్క. చవకైనది, తెలివైనది, నాకు ముచ్చటేసింది కూడా. కానీ మూత్ర పరీక్షలతో పోల్చి చూస్తే, మాత్ర మింగీ కాల్ చెయ్యనివాళ్లు ఉన్నారని తేలింది. పాపం, వాళ్లు రికార్డులో మందు వేసుకోనివాళ్లే!

రేపు మీరు ఆరోగ్య యాప్ తయారుచేస్తే, అది ముందు షిఫ్టు ఏదో అడగాలి. సమాచారం రాని గంటను రానిదిగానే చూపాలి.

అంతకన్నా కష్టమైన పని ఇంకొకటుంది. గుండె లయ తేడాగా ఉందని వాచ్ చెబితే, కార్మికుడికి డాక్టరుకన్నా ముందు గుర్తొచ్చేది, పనికి పనికిరాడని తేల్చే 'మెడికల్ అన్‌ఫిట్' అన్న మాట. "ఈ లెక్క ఆఫీసుకు పోతదా?" అని గొంతు తగ్గించి అడుగుతాడు. జవాబు తెలుగులో, 'అంగీకరిస్తున్నాను' బటన్‌కు పైనే ఉండాలి. పోయేదైతే పోతుందనే రాయండి. ఆయన వాచ్ తీసి బీరువాలో పెట్టేస్తే పెట్టేయనివ్వండి.