ఒకే దస్తర్‌ఖాన్: కొరియా సహోద్యోగులతో మన భోజనం

(దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సాయంత్రం మనం మాట్లాడుకోబోయేది మధ్యాహ్న భోజన విరామంలో తెరుచుకునే టిఫిన్ డబ్బా గురించి. విషయం చిన్నదని ఎవరైనా అనుకోవచ్చు. అయితే మన పిల్లలు కొలువులో గౌరవంగా నిలబడతారా, తలవంచుకొని ఉంటారా అన్నది చాలాసార్లు ఆ డబ్బా దగ్గరే తేలిపోతున్నది. చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీ నగర్ హాస్టళ్లలో ఉండి, ఇక్కడి కోచింగ్ కేంద్రాలలో చదువుకున్న మన యువకులు నేడు ఎన్నో ఊళ్లలో ఉద్యోగాలు చేస్తున్నారు. వారిలో కొందరికి కొరియా దేశస్థులు పై అధికారులు, సహోద్యోగులు.

తెలుగు నేలకు కొరియన్ల రాక పెద్ద ఎత్తున మొదలైంది పెనుకొండ దగ్గర. 2017 ఏప్రిల్‌లో కియా సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నది. ఎర్రమంచి గ్రామం వద్ద దాదాపు 536 ఎకరాలలో, ఏటా 3 లక్షల కార్లు తయారు చేయగల కర్మాగారం లేచింది. 2019 డిసెంబర్ 5న దానిని ప్రారంభించారు. దానితోపాటు విడిభాగాల కంపెనీలు వచ్చాయి, కొరియా కుటుంబాలు వచ్చాయి, వారి భోజనశాలలు వచ్చాయి. ఒకనాడు విజయనగర రాజులకు రెండవ రాజధాని అయిన ఊరు అది. బాబయ్య దర్గాకు హిందువులు, ముస్లింలు కలిసి వచ్చే ఊరు అది. అక్కడ ఇప్పుడు బిర్యానీ, రాగిసంగటి పక్కన కిమ్చీ కూడా దొరుకుతున్నది.

మాకు తెలిసిన రెండు కుటుంబాల పిల్లల అనుభవాలు మీ ముందు ఉంచుతాము. కంపెనీల పేర్లు, పిల్లల పేర్లు మనకు అవసరం లేదు.

మొదటి యువకుడు ఉద్యోగంలో చేరిన వారానికే అధికారులు జట్టు మొత్తాన్ని రాత్రి విందుకు పిలిచారు. బల్ల మధ్యలో పొయ్యి, దానిమీద పంది మాంసం ముక్కలు, చుట్టూ సోజు అనే మద్యం సీసాలు. అధికారి తన చేత్తో ఒక ముక్క తీసి ఈ అబ్బాయి పళ్లెంలో వేశాడు. అబ్బాయి బెదిరిపోయి, కడుపులో బాగా లేదని చెప్పి లేచిపోయాడు. రెండవసారీ అదే సాకు. మూడవసారి అతనిని ఎవరూ పిలవలేదు. మనుషులతో కలవనివాడు అన్న ముద్ర పడింది. ఎనిమిది నెలలకు ఉద్యోగం మానేసి ఇల్లు చేరాడు. నీవు ఏమి తింటావని అతనిని ఎవరూ అడగలేదు. ఇది మాకు నిషిద్ధమని అతనూ ఎవరికీ చెప్పలేదు. లోపం ఇరువైపులా ఉన్నది. నష్టపోయినది మాత్రం మన బిడ్డ.

రెండవ యువకుడు చేరిన మొదటి వారంలోనే ఒక కాగితం మీద రాసి అధికారికి ఇచ్చాడు. పంది మాంసం, మద్యం మా ధర్మంలో నిషిద్ధం, ఇతర మాంసం హలాల్ అయితేనే తింటాను, చేపలు, గుడ్లు, కూరగాయలు సంతోషంగా తింటాను అని. ఆ అధికారి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తరువాతి విందులో ఇతనికి వేరే పెనం మీద చేప, సోయా పన్నీరు వచ్చాయి. సోజు బదులు బార్లీ కషాయాన్ని అధికారే రెండు చేతులతో పట్టుకొని పోశాడు. రమజాన్ పండుగ మరునాడు ఈ అబ్బాయి స్టీలు క్యారియర్‌లో షీర్‌ఖుర్మా తీసుకుపోయాడు. రెండు రోజుల తరువాత క్యారియర్ తిరిగి వచ్చింది, ఖాళీగా కాదు. నువ్వుల నూనె రాసి కాల్చిన సముద్రపు నాచు రేకులు అందులో సర్ది ఉన్నాయి. పొట్లం మీద ఏమేమి కలిపారో ఉన్న చీటీని కూడా అధికారి ఇంగ్లీషులో రాయించి అతికించాడు.

ఆ అబ్బాయి మాతో అన్న మాట ఒకటి ఉన్నది. అంతకుముందు మరొక చోట మూడేళ్లు పనిచేశాడు. "భాయ్, ఇవాళ ఏం తెచ్చావ్?" అని నవ్వుతూ అడిగేవారట తెలుగు మిత్రులు. అడిగి పక్క బల్లకు వెళ్లి కూర్చునేవారట. ఆ మూడేళ్లలో అతని డబ్బాలోకి ఒక్క చెయ్యి రాలేదు. మన భాష రాని పరదేశి తిన్నాడు, మన భాష మాట్లాడేవాడు తినలేదు. ఈ మాట దగ్గర మనమందరం కొంచెంసేపు ఆగవలసి ఉన్నది.

ఇక కొరియన్ల సంగతి. వారికి అన్నం ఒక పలకరింపు. "అన్నం తిన్నారా?" అని అడిగి క్షేమం తెలుసుకుంటారు, అచ్చంగా మన పల్లెలలో అడిగినట్టే. కుటుంబ సభ్యులకు వారు వాడే షిక్‌గు అన్న మాటకు అక్షరార్థం, కలిసి తినే నోళ్లు అని. పెద్దవారు తినడం మొదలుపెట్టాకనే చిన్నవారు మొదలుపెడతారు. బల్ల మధ్యలో ఉంచిన కూరలను అందరూ పంచుకుంటారు. ఎదుటివారి అన్నం మీద మంచి ముక్క పెట్టడం వారి దృష్టిలో ఆప్యాయత. చలికాలానికి ముందు బంధువులు, ఇరుగుపొరుగు కలిసి కిమ్చీ పెట్టుకుంటారు. మన ఇళ్లలో వేసవిలో ఆవకాయ పెట్టుకున్నట్టే. ఆ కిమ్జాంగ్ ఆచారాన్ని 2013లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఉద్యోగులందరూ కలిసి చేసే విందును హ్వేసిక్ అంటారు. అక్కడ పళ్లెం పక్కకు నెట్టితే, కారణం తెలియనివారికి అది మనిషిని నెట్టినట్టు తోస్తుంది. కారణం తెలిస్తే అలా తోచదు. చెప్పవలసిన బాధ్యత మనది, విని మన్నించవలసిన బాధ్యత వారిది.

మన ధర్మం ఈ విషయంలో ఏమి నేర్పింది? దివ్యఖుర్‌ఆన్ బఖరా సూరా 173వ ఆయత్‌లో చచ్చిన జంతువు, రక్తం, పంది మాంసం, అల్లాహ్ పేరు కాక వేరొక పేరు మీద కోసినది నిషిద్ధాలని చెప్పబడింది. వాటి విషయంలో మొహమాటానికి తావు లేదు. అయితే నిషిద్ధం వేరు, అలవాటు లేనిది వేరు. ఒకసారి దైవప్రవక్త ముహమ్మద్ (స) ముందు ఉడుము జాతి జీవి మాంసం ఉంచారు. అదేమిటో తెలిశాక ఆయన చెయ్యి వెనక్కు తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగారు. కాదని, తన ప్రాంతంలో అది లేదు గనుక మనసు ఒప్పడం లేదని ప్రవక్త చెప్పారు. అదే విస్తరి వద్ద, ఆయన చూస్తుండగానే ఖాలిద్ (రజి) తిన్నారు. ఆయన ఏ ఆహారాన్నీ నిందించలేదని, ఇష్టమైతే తిని లేకుంటే వదిలేసేవారని హదీసులు తెలుపుతున్నాయి.

కనుక మన పిల్లలు మూడు గీతలు స్పష్టంగా గీసుకోవాలి. పంది మాంసం, మద్యం నిషిద్ధం. అక్కడ "వద్దు" అనడమే సమాధానం. వండేటప్పుడు మద్యం కలిపిన మాంసం, ఏ కొవ్వు వేశారో తెలియని నూడుల్స్, పంది మాంసం కాల్చిన పెనం మీదనే కాల్చిన చేప సందేహాస్పదం. అక్కడ అడిగి తెలుసుకోవాలి. కిమ్చీ పుల్లని వాసన మాత్రం నిషిద్ధం కాదు, కొత్త మాత్రమే. అందులో తరచుగా ఉప్పు రొయ్యలో చేపల పులుసో కలుపుతారు. రొయ్యల విషయంలో మన ఉలమాల మధ్య భిన్నాభిప్రాయం ఉన్నది, ఎవరి మస్లక్ ప్రకారం వారు నడుచుకోవచ్చు. అంతేగాని ముక్కు మూసుకోవడం ధర్మనిష్ఠ కాదు.

ఇక్కడ మన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొరియన్లు అనగానే మన ఇళ్లలోనూ "కుక్కలు తినేవాళ్లు" అన్న వెక్కిరింత వినబడుతుంది. కొరియన్లందరూ దానిని తినేవారన్నది ఎన్నడూ నిజం కాదు. పైగా కుక్క మాంసం వ్యాపారాన్ని నిషేధిస్తూ ఆ దేశ పార్లమెంటు 2024 జనవరిలోనే చట్టం చేసింది, శిక్షలు 2027 నుంచి అమలవుతాయి. మన పళ్లెం చూసి మనలను వెక్కిరించినప్పుడు కలిగే నొప్పి మనకు బాగా తెలుసు. తెలిసినవారమే మరొకరి మీద అదే రాయి విసరరాదు.

కొరియాలోనూ మంచి, చెడు రెండూ ఉన్నాయి. రాజధాని సియోల్‌లోని ఇతెవాన్‌లో 1976లోనే కేంద్ర మస్జిద్ వెలసింది. మరోవైపు దెగు నగరంలో మస్జిద్ నిర్మాణాన్ని వ్యతిరేకించిన కొందరు ఆ స్థలం ముందు పంది తలకాయలు పెట్టారు. 2022 డిసెంబర్‌లో అక్కడే పంది మాంసం కాల్చి విందు చేసుకున్నారు. పంచుకోవలసిన ఆహారాన్ని అవమానించే ఆయుధంగా మార్చారు. ఆ దేశపు మానవహక్కుల కమిషన్ ఆ చేష్టను ద్వేష ప్రదర్శనగా తప్పుపట్టింది. మతాన్ని బట్టి వివక్ష చూపరాదని వారి రాజ్యాంగం చెబుతున్నది, మన రాజ్యాంగమూ చెబుతున్నది.

మన వీధి మాటేమిటి? దిల్‌సుఖ్‌నగర్ గల్లీలలో "టు లెట్" బోర్డు చూసి ఫోన్ చేస్తే, అద్దె ఎంతో చెప్పకముందే పేరు అడిగే ఇళ్లున్నాయి. పేరు విన్నాక "మాంసం వండకూడదు" అన్న షరతు పుట్టుకొస్తుంది. పక్క వాటాలో ఆదివారం కోడికూర ఘుమఘుమ మాత్రం షరతుకు అందదు. 2024లో ఉత్తరప్రదేశ్‌లో కాంవడ్ యాత్ర దారిలో తిండి దుకాణాల మీద యజమానుల పేర్లు రాయాలన్నప్పుడు, సుప్రీంకోర్టు జులై 22న ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. ఆ ధర్మాసనంలో మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి ఉన్నారు. కేరళలో ఉండగా, శుభ్రత చూసి ఒక ముస్లిం నడిపే శాకాహార హోటల్‌కు తాను వెళ్లేవాడినని ఆయన ఆ విచారణలో గుర్తుచేసుకున్నారు. అలాంటి మనసు ఉన్నవారు మన చుట్టూ ఉన్నారు. వారిని వెతికి పట్టుకోవడం కూడా మన పనే.

చివరగా మన పిల్లలకు, కుటుంబాలకు కొన్ని మాటలు. చేరిన మొదటి వారంలోనే మీ ఆహార నియమాలు నిస్సంకోచంగా, క్లుప్తంగా చెప్పండి. కడుపునొప్పి అబద్ధాలు వద్దు. అబద్ధం మూడవసారి బయటపడుతుంది. విందుకు వెళ్లాలా వద్దా అన్నది మీ అంతరాత్మకు, మీ ఆలిములకు వదిలేస్తున్నాము. మద్యం ఉన్న బల్ల దగ్గర కూర్చోలేమనిపిస్తే, మధ్యాహ్న భోజనానికి మీరే పిలవండి. బలవంతపెట్టినా, ఎగతాళి చేసినా తేదీతో సహా రాసి పెట్టుకొని, పై అధికారులకు లిఖితపూర్వకంగా ఇవ్వండి. గొడవ పడవలసిన పని లేదు, మౌనంగా ఉద్యోగం మానవలసిన పని అంతకన్నా లేదు. తల్లులారా! పండుగనాడు డబ్బాలో ఇంకొక గరిటె ఎక్కువ వేసి పంపండి. కూర వండితే నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంచమన్నారు ప్రవక్త (స). హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో గొర్రెను కోస్తే, మన యూదు పొరుగువానికి పంపారా అని ఆయన మళ్లీ మళ్లీ అడిగారు.

తీసుకోలేనిది మర్యాదగా వద్దందాము, ఇవ్వగలిగినది ముందుగా ఇద్దాము. ఆ కొరియా అధికారి చేతికి వెళ్లిన క్యారియర్, పక్క బల్ల దగ్గరి తెలుగు మిత్రుని చేతికీ వెళ్లాలి. అతడు ఒకసారి కాదంటే మరొకసారి పంపుదాము. మన దస్తర్‌ఖాన్‌ను అల్లాహ్ విశాలం చేయుగాక. ఆమీన్.