ఎముకలు పోయాయి, ఫైలు మిగిలింది

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు డి.ఆర్. బకాయిల గురించో, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించో మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా చెప్పేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ఒక అస్థిపంజరం గురించి చెబుతాను. భయపడకండి, ఇందులో దయ్యాల ప్రసక్తి లేదు. ఇది నిజానికి ఒక ఫైలు కథ. సర్వీసంతా ఫైళ్ల మధ్య గడిపినవాణ్ణి గనుక ఈ కథ నన్ను వదలకుండా పట్టుకుంది.

అమీలియా ఇయర్‌హార్ట్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఒంటరిగా విమానంలో దాటిన మొదటి మహిళ. ఆమె భూమి చుట్టూ తిరిగి రావాలని బయలుదేరి, 1937 జూలై 2న న్యూగినీలోని లే పట్టణం నుంచి పసిఫిక్ సముద్రంలోని హౌలాండ్ అనే చిన్న దీవికి విమానం ఎక్కారు. వెంట దారి చూపే ఫ్రెడ్ నూనన్ ఉన్నారు. విమానం హౌలాండ్ చేరలేదు. అప్పటికి ఆమెకు 39 ఏళ్లు.

మూడేళ్ల తరువాత, 1940లో, హౌలాండ్‌కు దక్షిణాన ఉన్న గార్డ్‌నర్ అనే దీవిలో కొన్ని మనిషి ఎముకలు దొరికాయి. ఇప్పుడు దాని పేరు నికుమరోరో, కిరిబాటి దేశంలో ఉంది. అప్పట్లో అక్కడ గెరాల్డ్ గాలగర్ అనే యువకుడు బ్రిటిష్ ప్రభుత్వ అధికారి. ఎముకల దగ్గర ఆడవారిదిగా తోచిన బూటు అడుగు ముక్క, సెక్స్‌టెంట్ పెట్టుకునే పెట్టె కూడా దొరికాయి. నక్షత్రాల ఎత్తు కొలిచి, తామున్న చోటు తెలుసుకోవడానికి నావికులు వాడే పరికరం సెక్స్‌టెంట్. ఇవి ఇయర్‌హార్ట్‌వి కావచ్చునేమోనని గాలగర్ పై అధికారులకు తంతి పంపారు. ఆ తంతి, దానికి జవాబు, ఆ జవాబు మీద నోట్, అన్నీ వరుసగా ఫైలయ్యాయి. మనకు బాగా తెలిసిన పద్ధతే.

ఎముకలను పెట్టెలో పెట్టి ఫిజీ రాజధాని సువాకు పంపారు. 1903 నుంచి 1916 వరకు మద్రాసు రేవు మీదుగా మన తెలుగువాళ్లు కూడా చెరకు తోటల పనికి వెళ్లిన ఫిజీయే అది. అక్కడి వైద్య పాఠశాల ప్రిన్సిపాల్ డాక్టర్ హుడ్‌లెస్ 1941లో వాటిని పరీక్షించారు. పుర్రె, దవడతో కలిపి మొత్తం 13 ఎముకలు. ఇది పురుషుడి అస్థిపంజరం, వయసు 45 ఏళ్లకు తక్కువ ఉండదు, ఎత్తు సుమారు 5 అడుగుల 5½ అంగుళాలు అని ఆయన రిపోర్టు ఇచ్చారు. పురుషుడని తేలడంతో విషయం అక్కడితో ఆగింది. గాలగర్ అదే ఏడాది సెప్టెంబరులో, 29 ఏళ్ల వయసులో, ఆ దీవిలోనే జబ్బుచేసి చనిపోయారు. ఎముకలు ఆ తరువాత ఎక్కడికి పోయాయో ఇంతవరకు ఎవరికీ అంతు చిక్కలేదు.

అసలు ఎముకను చూసి ఆడో మగో ఎలా చెబుతారు? మీ కుడిచేయి ఒకసారి చాపండి. చూపుడువేలు, మధ్యవేలు ఎడం చేస్తే వచ్చే ఇరుకు సందు మగవారి కటి ఎముకలో ముందువైపు కింద ఉండే కోణాన్ని పోలి ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు చాపితే వచ్చే వెడల్పు సందు ఆడవారిది. బిడ్డ బయటికి రావడానికి దారి కావాలి గనుక ప్రకృతి చేసిన ఏర్పాటు అది. అందుకే నిపుణులు ముందుగా కటి ఎముకనే అడుగుతారు. తరువాత పుర్రె. కనుబొమల దగ్గరి గట్టు, చెవి వెనుక ఉండే బొడిపె మగవారిలో సాధారణంగా పెద్దవిగా ఉంటాయి.

ఇవి కంటితో చూసేవి. కొలిచేవి వేరే ఉన్నాయి. తొడ ఎముక పైన బంతిలాంటి గుండు ఉంటుంది. అమెరికాలో 1979లో స్టూవర్ట్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన పట్టిక ప్రకారం దాని అడ్డుకొలత 42.5 మిల్లీమీటర్లకు తక్కువైతే స్త్రీ, 47.5కు ఎక్కువైతే పురుషుడు. 43.5కు, 46.5కు మధ్య వస్తే చెప్పలేము అని ఆయనే రాశారు. నిజాయితీ గల పట్టికలో ఇలాంటి ఖాళీ గది ఒకటి ఉంటుంది. పైగా ఒక దేశం పట్టిక ఇంకో దేశానికి పనికిరాదు. మనవాళ్ల ఎముకలు సగటున చిన్నవి. అమెరికా పట్టిక పెట్టి కొలిస్తే మనలో చాలామంది మగవాళ్లం ఆడవాళ్ల గడిలో పడతాం. చిన్నపిల్లల ఎముకలైతే, ఈడు రాకముందు తేడాలు ఏర్పడవు గనుక, కొలతతో చెప్పడం చాలా కష్టం.

క్రాగ్‌మన్ అనే ఆయన 1962లో తన పుస్తకంలో లెక్క చెప్పారు. 750 అస్థిపంజరాలు చూస్తే, మొత్తం ఎముకలు ఉన్నప్పుడు అన్నీ సరిగా చెప్పగలిగారు. కటి ఎముక ఒక్కటే ఉంటే నూటికి 95, పుర్రె ఒక్కటే ఉంటే 92, పొడుగు ఎముకలు మాత్రమే ఉంటే 80. పదేళ్ల తరువాత, 1972లో, వైస్ అనే పరిశోధకుడు తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల లెక్కలు తిరగేసి ఒక లోపం పట్టుకున్నారు. మగవారి సంఖ్య సుమారు 12 శాతం ఎక్కువగా కనిపిస్తోంది. అంటే, అనుమానం వచ్చిన చోట పరీక్షించేవాళ్లు మగవాడని రాసేస్తున్నారు. మన ఆఫీసుల్లో అనుమానం వచ్చిన చోట ‘తిరస్కరించవచ్చు’ అని రాసేవాళ్లం. అలాంటిదే.

ఇప్పుడు మళ్లీ ఫైలు దగ్గరికి వద్దాం. దీవులకు స్వాతంత్ర్యం వచ్చింది, కాగితాలు కొన్ని కిరిబాటిలో, కొన్ని ఇంగ్లండులో చేరాయి. 1997లో కిరిబాటి రాజధాని తరావాలోని ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఈ ఎముకల ఫైలు దొరికింది. మరుసటి ఏడాది ఇంగ్లండులో భద్రపరచిన పాత కాగితాల్లో హుడ్‌లెస్ రిపోర్టు దొరికింది. యాభై ఏడేళ్లు ఎవరో ఒక గుమాస్తా కట్ట కట్టి, నంబరు వేసి, చెదలు పట్టకుండా దాచినందుకే కదా అది దొరికింది! మన భాషలో చెప్పాలంటే, దాన్ని ఎవరూ డి.డిస్. చేయలేదు, ఆర్.డిస్. చేశారు.

ఆ రిపోర్టులో పుర్రె కొలతలు నాలుగు ఉన్నాయి. చేతి పై ఎముక 32.4 సెంటీమీటర్లు, ముంజేతి ఎముక 24.5, మోకాలి కింది పెద్ద ఎముక 37.2 అని రాసి ఉంది. ఈ అంకెలు ఉన్నందువల్ల 1998లో కారెన్ బర్న్స్, రిచర్డ్ జాంట్జ్ తదితరులు వాటిని కంప్యూటరుకు ఎక్కించి, యూరప్ సంతతికి చెందిన పొడగరి స్త్రీ కావచ్చునన్నారు. 2015లో పమేలా క్రాస్, రిచర్డ్ రైట్ అనే మరో ఇద్దరు, ఎముకలను చేతిలో పట్టుకొని చూసిన హుడ్‌లెస్ మాటే నమ్మదగిందన్నారు. 2018లో జాంట్జ్ మళ్లీ లెక్క కట్టి, తాను పోల్చిన 2,776 మందిలో 99 శాతం కంటే ఇయర్‌హార్ట్ కొలతలే ఈ ఎముకలకు దగ్గరగా ఉన్నాయన్నారు. వివాదం ఇంకా తెగలేదు. 1929లో అదే దీవి దగ్గర నార్విచ్ సిటీ అనే ఓడ పగిలి 11 మంది చనిపోయారు, వారిలో ఒకరివి కావచ్చునేమో అనే వాదమూ ఉంది.

ఎందుకు తెగలేదు? పురుషుడని చెప్పడానికి హుడ్‌లెస్ చూపిన ఆధారాలు మూడు. ఇందాక మన వేళ్లతో చూసుకున్న కోణంలో సగం, ఎందుకంటే కుడివైపు కటి ఎముక ఒక్కటే దొరికింది. రెండోది తొడ ఎముకల వాలు. మూడోది ఎముకల పొడవుకు, చుట్టుకొలతకు ఉన్న నిష్పత్తి. కాని ఆ కోణం ఎన్ని డిగ్రీలో ఆయన రాయలేదు. నిష్పత్తి ఎంతో రాయలేదు. అంకె రాసిన చోట మనం ఇవాళ కూడా ఆయనతో వాదించవచ్చు. అభిప్రాయం ఒక్కటే రాసిన చోట నమ్మడమో, నమ్మకపోవడమో తప్ప దారి లేదు. ఆయన చేసింది తప్పని నేను అనను. యుద్ధకాలంలో, చేతనైనంత శ్రద్ధగా చూశారు. ఇంకా వివరంగా కావాలంటే ఎముకలను సిడ్నీ విశ్వవిద్యాలయానికి పంపవచ్చునని కూడా ఆయనే సూచించారు. ఎవరూ పంపలేదు.

మిత్రులారా, ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. నేను సీనియర్ అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో ఒక చిన్న ఉద్యోగి భార్య కుటుంబ పెన్షనుకు దరఖాస్తు పెట్టుకుంది. సర్వీసు రిజిస్టరు తెప్పించి చూశాను. చూసి, ‘పరిశీలించడమైనది. అర్హత లేదు. తిరస్కరించవచ్చు’ అని నోట్ పెట్టాను. పైవాళ్లు సంతకాలు చేశారు. తొమ్మిదేళ్ల తరువాత ఆమె మళ్లీ అర్జీ పెట్టుకుంది. అప్పటికి వానకు కారి ఆ రిజిస్టరు ముద్దయిపోయింది. మిగిలింది నా మూడు ముక్కల నోట్. ఏ తేదీ చూసి అర్హత లేదన్నారని కొత్త అధికారి నన్ను పిలిచి అడిగారు. నాకు గుర్తు లేదు. ‘అయ్యా, మీరు చూశారట గదా, కొంచెం జ్ఞాపకం చేసుకోండి’ అని ఆమె వరండాలో నన్ను అడిగింది. రెండేళ్లు తిరిగింది, తరువాత రావడం మానేసింది.

నేను రాసింది తప్పేనని చెప్పలేను. ఒప్పేనని కూడా చెప్పలేను. చేరిన తేదీ, క్రమబద్ధం చేసిన తేదీ, రిజిస్టరు పేజీ నంబరు, ఒక్క వరుసలో పట్టేవి. రాసి ఉంటే ఇంకెవరైనా చూసి నా తప్పు దిద్దేవారు, లేదా నా మాటే సరి అని ఆమెకు నచ్చజెప్పేవారు.

మన సంఘం ఆఫీసులో ఇప్పటికీ వారానికి రెండు రోజులు సభ్యుల అర్జీలు, కుటుంబ పెన్షను కాగితాలు మనమే రాసిపెడుతున్నాం. నా మనవి ఒక్కటే. ముందు చూసింది రాయండి, తేదీలతో, అంకెలతో. మన అభిప్రాయం ఆ తరువాత, కింద రాయండి. ఇంట్లో కూడా మీ పి.పి.ఓ., నామినేషన్ నకళ్లు ఎక్కడున్నాయో భార్యాపిల్లలకు చూపించండి.