అత్యవసర చికిత్స – అనుకోని బిల్లు

గుండెనొప్పితో విలవిలలాడువాడు బేరమాడలేడు. వంకాయల ధర నచ్చనిచో ప్రక్క అంగడికి పోవచ్చును గాని, స్పృహతప్పి బల్లపై పరుండినవాడు తనకు మత్తుమందిచ్చు డాక్టరుకును తన బీమా కంపెనీకిని ఒడంబడిక కలదో లేదో ఎట్లు విచారించును? అమెరికాలో రోగులు చాల ఏండ్లు ఈ విచారణ చేయని నేరమునకు దండుగ కట్టుకొనిరి.

అచ్చట ప్రతి బీమా కంపెనీకిని కొన్ని ఆసుపత్రులతోను కొందరు డాక్టర్లతోను ముందుగా కుదిరిన ధరలుండును. చిత్రమేమనగా, ఆసుపత్రి ఆ జాబితాలో నున్నను, అందు పనిచేయు మత్తు డాక్టరో, ఎక్స్‌రే చూచు డాక్టరో బయటివాడై యుండవచ్చును. అట్టివాడు కోరిన రుసుములో కంపెనీ తనకు తోచినంత ఇచ్చును. మిగిలినదానికి రోగి పేర బిల్లు వచ్చును. కుట్లు మానిన పిమ్మట, తానెన్నడును ముఖమెరుగని డాక్టరు నుండి వేల డాలర్లకు కాగితము! అత్యవసర విభాగమునకు వచ్చినవానిని సొమ్ము లేదని త్రిప్పి పంపరాదని 1986లోనే చట్టమైనది. ఆ చట్టము తలుపు తెరపించినదే గాని ధర మాట యెత్తలేదు.

2020 డిసెంబరులో చేయబడి, 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన ‘నో సర్‌ప్రైజెస్ యాక్ట్’ ఈ లోపమును సరిదిద్దబూనినది. ఏ ఆసుపత్రిలో అత్యవసర చికిత్స జరిగినను, జాబితాలోని ఆసుపత్రియైనచో ఎంత చెల్లించునో రోగి అంతే చెల్లించును. తక్కిన తగవు డాక్టరుకును కంపెనీకిని. 30 పనిదినములలో వారు కుదుర్చుకొనలేనిచో మధ్యవర్తి కడకు పోవచ్చును. ఇరువురును చెరియొక అంకె వ్రాసి ఇత్తురు. ఆయన రెంటిలో ఒకదానినే ఎన్నుకొనవలెను. మన ఊరి పెద్దమనుష్యుల వలె సగము సగము చేయుట లేదు. ఈ తగవులు ప్రభుత్వము అంచనా వేసినదానికి ఎన్నో రెట్లు వచ్చిపడినవి; గెలుపు ఎక్కువగా డాక్టర్ల వైపే యున్నది. ఆ ఖర్చు తుదకు బీమా చందాలలోనికి చేరదని ఎవరు చెప్పగలరు? అయినను తగవు రోగి మంచము వద్దనుండి తొలగినది. నా దృష్టిలో అదే ముఖ్యము.

చట్టములో ఒక పెద్ద కంత యున్నది. హెలికాప్టరులో తెచ్చినచో రక్షణ కలదు. రోడ్డుమీది అంబులెన్సుకు లేదు. ఎందరు హెలికాప్టరెక్కుదురు? కొన్ని రాష్ట్రములు తమ సొంత చట్టములతో దీనిని కొంత పూడ్చినవి. మరియొకటి: ప్రాణాపాయము తప్పిన పిదప బయటి డాక్టర్లు కొందరు, ఈ రక్షణను వదలుకొనుచున్నట్లు ఒక కాగితముపై సంతకము అడుగవచ్చును. అది చదువక సంతకము చేయరాదు. చేయుమని నిర్బంధింప వీలులేదు.

బిడ్డలను చూడ అమెరికా పోవు తల్లిదండ్రులు మన ఇండ్లలో ఎందరో కలరు. సందర్శకులకై అమ్ము తాత్కాలిక బీమాకు ఈ చట్టపు రక్షణ సాధారణముగా వర్తింపదు. అట్టి పథకములలో కొన్ని, బిల్లు ఎంతయైనను, ఒక్కొక్క చికిత్సకు ముందు నిర్ణయించిన మొత్తమునే ఇచ్చును. కొనుటకు ముందే ఆ పట్టిక తెప్పించుకొని, అత్యవసర విభాగమునకును అంబులెన్సుకును ఎదుట ఏ అంకె వేసియున్నదో చూచుకొనవలెను.